ఎవరూ చూడనప్పుడు



మనిషి మంచివాడని ఎప్పుడు తెలుస్తుంది? నలుగురూ చూస్తున్నప్పుడా, ఎవరూ చూడనప్పుడా? ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన గ్రంథంలో ఒక గొర్రెల కాపరి కథ చెప్పాడు. వేలికి పెట్టుకొని తిప్పితే మనిషిని కనబడకుండా చేసే ఉంగరం అతనికి దొరికింది. దాని బలంతో అతడు రాజును చంపి సింహాసనమెక్కాడు. అదే ఉంగరం నీతిమంతునికి దొరికితే అతడు నీతిగానే ఉంటాడా అన్నది అక్కడి ప్రశ్న.

అటువంటి ఉంగరం మన కాలంలో మోటారు కారులో బయటపడింది. కార్ల పొగను పరీక్షాశాలలోనే, రోలర్లమీద చక్రాలు తిప్పి కొలిచేవారు. 2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగను కొలిచే యంత్రాన్ని డీజిలు కార్లలోనే అమర్చి, మామూలు రోడ్లమీద నడిపారు. ఫోక్స్‌వాగన్ కంపెనీ కార్లలో ఒకటి పరిమితికి 15 నుండి 35 రెట్లు, మరొకటి 5 నుండి 20 రెట్లు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలింది. పరీక్షాశాలలో అవే కార్లు నెగ్గాయి! అసలు సంగతి 2015 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. స్టీరింగు కదలిక, వేగం, ఇంజను నడిచిన సమయం వంటివాటిని బట్టి, ఇది పరీక్షేనని కారులోని కంప్యూటరు పసిగట్టేది. అప్పుడు మాత్రమే పొగను పూర్తిగా శుద్ధి చేసేది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఈ ఏర్పాటు ఉన్నట్లు కంపెనీయే ఒప్పుకొన్నది.

ఇది పాపమని చెప్పడానికి తత్త్వశాస్త్రం అక్కరలేదు. అబద్ధం నోటితోనే ఆడాలని లేదు, యంత్రంతోనూ ఆడించవచ్చు. ఇది 8వ ఆజ్ఞను మీరడమే. ఆ వాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఉబ్బసాన్ని పెంచుతాయి గనుక 5వ ఆజ్ఞకూ జవాబు చెప్పుకోవాలి.

అయితే అంతకన్నా కష్టమైన ప్రశ్న ఒకటున్నది. ఇటువంటి మోసమేదీ చేయకుండానే ఐరోపాలో మరికొన్ని కంపెనీల డీజిలు కార్లు రోడ్డుమీద పరిమితిని ఎంతగానో మించాయి. అప్పటి పరీక్ష సుమారు 20 నిమిషాలు, అదీ మెల్లగా నడిచే పద్ధతిలో. దానికి సరిపోయేలా కారు తయారుచేస్తే చాలు. “మేము చట్టం తప్పలేదు గదా!” అని వారంటే ఏమని జవాబు చెప్పాలి?

చట్టం అందరి మేలుకోసం బుద్ధి నిర్ణయించిన ఏర్పాటని పునీత తోమాసు అక్వినాసువారు బోధించారు. పొగ పరిమితి పెట్టింది కొలిచే యంత్రంకోసం కాదు, రోడ్డుపక్కన ఊపిరి పీల్చే పసిబిడ్డకోసం. యంత్రాన్ని తృప్తిపరచి బిడ్డను మరచినవాడు చట్టంలోని మాటను నిలబెట్టాడు, దాని ప్రాణాన్ని తీశాడు. గిన్నెను పైపైన కడిగే పరిసయ్యులను ప్రభువు గద్దించింది ఇందుకే. బలహీనమైన పరీక్ష పెట్టినవారిదీ తప్పే, కాదనను. 2017 నుండి ఐరోపాలో, 2023 నుండి మన దేశంలో కొత్త కార్లకు రోడ్డుమీది పరీక్ష కూడా వచ్చింది. మంచిదే. కాని ఎంత గట్టి పరీక్షయినా అంతరాత్మకు బదులు కాజాలదు.

కంపెనీలను నిందించి ఊరుకుంటే మనకు లాభం లేదు. బండిని తీసుకువెళ్ళకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకొనేవారు మనలో లేరా? తనిఖీ రోజున మాత్రమే సరైన తూకం వేసే దుకాణదారులు లేరా? మేత్రాణులవారు విచారణకు వచ్చే రోజున మన ఇళ్ళలో వినబడే మెత్తని మాటలు మరునాడు ఏమవుతున్నాయి? గుడిలో భార్య పక్కన భక్తిగా మోకరించినవాడు ఇంటి తలుపు మూశాక ఆమెతో ఎలా మాట్లాడుతున్నాడు?

పోపు ఫ్రాన్సిస్ జగద్గురువులు ‘లౌదాతో సీ’ లేఖను వెలువరించినదీ 2015లోనే. ఈ భూమి మనందరి ఉమ్మడి ఇల్లని ఆయన అందులో గుర్తుచేశారు. మన బండి వదిలే పొగ ఆ ఇంట్లోని పొరుగువాని ఊపిరిలోకే పోతుంది.

ఈసారి పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకొనేటప్పుడు ఆదివారపు మనిషిని మాత్రమే కాదు, మంగళవారం మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న మనిషిని కూడా పరిశీలించుకోండి. ప్రభువు క్షమించ గోరేది ఆ ఇద్దరినీ.