ఇష్టాల వరస

మొన్న వేసవిలో ఓ రాత్రి పదకొండింటికి మా అక్క కూతురు ఫోన్ చేసింది. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఇంకా రెండు రోజులే గడువు. పరీక్ష పేరు ఎప్‌సెట్ అని మారినా మా ఇంట్లో అది ఇంకా ఎంసెటే, దానికి సలహాదారుని నేనే. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఎక్సెల్ షీట్‌లో పెట్టి, రంగులు కూడా వేసి పంపాను. దాని గురించే ఏదో అడుగుతుందనుకున్నాను.

"మామయ్యా, నాకు నచ్చింది ఒకటో నంబర్లో పెట్టాననుకో. అది రాకపోతే కింద ఉన్నవి కూడా పోతాయా?"

పోవు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి జాబితానీ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. నీ వంతు వచ్చేసరికి నీకు దొరికే సీట్లలో నీ జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నదేదో అది నీది. మొదటిది దక్కనంత మాత్రాన రెండోదానికి నీ అవకాశం వెంట్రుకవాసి కూడా తగ్గదు. ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. కాబట్టి లెక్కలేసుకుని ఇష్టాన్ని కిందికి దించాల్సిన పని లేదు. ఇదంతా చాలా ఉత్సాహంగా చెప్పాను.

తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మామయ్యా, ఫారంలో పోవు. ఇంట్లో?" అంది.

ఆ ప్రశ్నకి నా షీట్‌లో జవాబు లేదు.

తనకి కావాల్సింది జేఎన్‌టీయూ క్యాంపస్‌లో సివిల్. వాళ్ళది భద్రాచలం. గోదావరి మీద పాత వంతెన పక్కనే రెండో వంతెన ఏళ్ళ తరబడి కడుతుంటే, ఆ స్తంభాలు లేవడం స్కూలు ఆటోలోంచి చూస్తూ పెరిగిన పిల్ల. బావకి కావాల్సింది ఏ కాలేజీ అయినా సరే కంప్యూటర్ సైన్స్. బావేం మొండిమనిషి కాదు. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు. ఇంటర్ రెండేళ్ళకీ తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. నాలుగేళ్ళ తర్వాత ఈ పిల్ల ఎండలో సైట్ల చుట్టూ తిరుగుతూ, నెలకి చాలీచాలని జీతం తెచ్చుకుంటుందేమోనని అతని భయం. ఆ భయంలో నాకు తప్పేం కనబడలేదు. పైగా బావ ఒక్కసారి కూడా "వద్దు" అనలేదట. "నీ ఇష్టం" అన్నాడట.

సీట్ల పంపకం లెక్క నాకు మొదట్నుంచీ ఇష్టం. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ ప్రవేశాల మీద ఓ చిన్న పేపర్ రాశారు. తర్వాత ఏ విద్యార్థీ ఏ కాలేజీ కూడబలుక్కుని ఆ పంపకాన్ని చెడగొట్టుకోవాలనుకోని విధంగా సీట్లు పంచే పద్ధతి అందులో ఉంది. 2012లో షాప్లీకి, ఆల్విన్ రాత్‌తో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. గేల్ అప్పటికే పోయాడు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌కి మూలం ఆ లెక్కే. కాలేజీలన్నీ విద్యార్థుల్ని ఒకే ర్యాంకుతో చూస్తే అది ఎంసెట్ వరసంత సులువైపోతుంది. ఈ పద్ధతికి ఓ గొప్ప గుణం ఉందని తర్వాతివాళ్ళు రుజువు చేశారు: ఇష్టాల గురించి అబద్ధం చెప్పి విద్యార్థి బావుకునేది ఏమీ లేదు.

నిజం చెప్తే నష్టం లేదని గణితమే హామీ ఇచ్చే చోట్లు మన బతుకులో ఎన్ని ఉంటాయి? ఆ ఒక్క చోటికీ ఇంట్లోంచి అబద్ధం మోసుకుని వెళ్తాం.

నేనూ మోశాను. పదిహేనేళ్ళ కిందట, ఓ నెట్ సెంటర్లో, నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాన్న. ఆయన ఆర్టీసీ కండక్టర్. సెలవులన్నీ డిపో గ్యారేజీలో, విప్పిన ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నాకు మెకానికల్ కావాలి. "నీ ఇష్టం రా" అన్నాడు నాన్న. అని, జేబులోంచి మడతపెట్టిన పేపర్ ముక్క ఒకటి తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ ఏడు ఎంతమందిని తీసుకున్నాయో ఉన్న వార్త. నేను ఒకటో నంబరుకి కంప్యూటర్ సైన్స్ పెట్టాను. "నాకూ ఇదే ఇష్టం నాన్నా" అన్నాను.

నా ఉద్యోగం నాకు బాగానే ఉంది. మెకానికల్ అయితే ఇంకా బాగుండేదని అనను, తెలీదు కాబట్టి. బ్రాంచి సంగతి ఎప్పుడో మర్చిపోయాను. ఆ "నాకూ" అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

డబ్బు పెట్టేవాళ్ళకి మాట ఉండకూడదా అని అడగొచ్చు. ఉండాలి. అయితే ఏ మాట? ఇంతకి మించి ఫీజు కట్టలేను, హాస్టల్‌కి ఇంతే ఇవ్వగలను, మీ అమ్మ ఆరోగ్యం బాగాలేదు, మరీ దూరం వద్దు. ఇవి షరతులు. నోరు తెరిచి చెప్తే పిల్లలు వాటి లోపల తమ వరస తాము రాసుకోగలరు. చెప్పని షరతు ఊరికే పోదు. అన్నం దగ్గర మౌనమవుతుంది, పక్కింటివాళ్ళబ్బాయి ప్యాకేజీ కబురవుతుంది, చివరికి "నీ ఇష్టం" అవుతుంది. ఆ మాట వినగానే పిల్లలు తమ ఇష్టం వెతుక్కోవడం మానేసి, అన్నవాళ్ళ ఇష్టం ఏమిటో వెతకడం మొదలుపెడతారు. ఆప్షన్ల రోజుల్లో ఇళ్ళలో అంత ఉక్కపోత ఎందుకని? ర్యాంకు అప్పటికే వచ్చేసి ఉంటుంది, దాన్నెవరూ మార్చలేరు. మిగిలిందల్లా ఒకరి మనసులో ఏముందో ఇంకొకరు కనిపెట్టే పని. మనిషిని నిద్రపోనివ్వని పని అదే.

పదిహేడేళ్ళ పిల్లకి తన ఇష్టం తనకి తెలుసా అన్నది దీనికన్నా గట్టి ప్రశ్న. గేల్, షాప్లీల లెక్క ఇష్టాల జాబితా ముందే తయారుగా ఉందనుకుని మొదలవుతుంది. మనుషుల్లో అలా ఉండదు. సగం ఇష్టాలు మాట్లాడుతుంటేనే తేలతాయి, కొన్ని మాట్లాడుతుంటేనే కరిగిపోతాయి. వంతెన మీద ప్రేమ స్ట్రక్చర్స్ పేపర్ దాకా నిలుస్తుందో లేదో ఎవరికి తెలుసు? కాబట్టి పెద్దవాళ్ళు నోరు మూసుకుని తప్పుకోవడం కూడా సాయం కాదు. వాళ్ళు వాదించాలి, అడగాలి, తమ భయమేమిటో చెప్పాలి. ఒక్కటే నియమం: ఇష్టం చెప్పినందుకు ఇంట్లో ఏదీ పోకూడదు. ఒప్పుకోకపోయినా సరే, పిల్ల మీద ఉన్న ప్రేమ మాత్రం ఆప్షన్ నంబరుని బట్టి మారకూడదు. ఫారం ఇచ్చే హామీ ఇంత చిన్నదే. అది ఇల్లు ఇవ్వలేకపోతే ఎలా?

ఇందులో కొంత ఆ రాత్రి బావకి ఫోన్ చేసి చెప్పాను, నోబెల్ గొడవ లేకుండా. మర్నాడు సాయంత్రం వాళ్ళు ముగ్గురూ కూచున్నారట. హాస్టల్‌కి నెలకి ఎంత పంపగలడో బావ కాగితం మీద అంకె వేసి చూపించాడట. అప్పు ఎంత మిగిలిందో తనకి అప్పుడే తెలిసిందని కోడలు చెప్పింది. తర్వాత ఆయన, "సైట్లో పని నీ వల్ల కాకపోతే?" అని అడిగాడట. "తెలీదు నాన్నా" అందట. ఆ ఇంట్లో ఆ వారమంతటికీ అన్నిటికన్నా నిజమైన మాట అదేననుకుంటా. సివిల్ ఒకటో నంబర్లో పెట్టింది. రెండోది, మూడోది తండ్రీకూతుళ్ళు కలిసి రాసుకున్నారు.

ఆ ధైర్యంతో కిందటి నెల ఊరెళ్ళినప్పుడు నాన్నతో చెప్పాను, అప్పట్లో నాకు మెకానికల్ కావాల్సిందని. ఆయన రిటైరై నాలుగేళ్ళవుతోంది. అరుగు మీద కూచుని పేపరు చదువుతున్నాడు. తలెత్తి నావైపు చూశాడు.

"నీ ఇష్టం అనే అన్నాను కదరా" అన్నాడు.

నిజమే, అలాగే అన్నాడు.