తెల్లని కాగితంపై గాయం

మనిషి పడే వేదనలో మాటకు అందనిది కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది. దానిని వెలికి తెచ్చే మార్గాలలో నైరూప్య కళ, అంటే వస్తువును ఉన్నదున్నట్లు చూపకుండా గీత, రంగు, ఉపరితలాల ద్వారానే భావాన్ని పలికించే కళ, ముఖ్యమైనది. ఇందుకు చిత్రకారుడు సోమనాథ్ హోర్ ఒక ఉదాహరణ. 1921లో చిట్టగాంగ్ ప్రాంతంలో జన్మించిన ఆయన, 1943 నాటి బెంగాల్ కరువులో ఆకలితో అలమటించిన వారిని కళ్లారా చూసి, ఆ బక్కచిక్కిన దేహాలను తొలుత యథాతథంగానే చిత్రించారు. ఆ దృశ్యాలు ఆయనను జీవితాంతం వెంటాడగా, 1970వ దశకంలో శాంతినికేతన్‌లో 'గాయాలు' అనే చిత్రశ్రేణికి పూనుకున్నారు. మట్టి పలకను కత్తితో చీల్చి, దానినుంచి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జును అదిమి ఆరబెట్టగా వచ్చిన ఆ తెల్లని చిత్రాలలో పోల్చుకోదగిన మనిషి ముఖం కనిపించదు. చర్మం చిట్లినట్లున్న చీలికలు, గుంటలు, ఉబ్బులు మాత్రమే కనిపిస్తాయి. ఏ ఒక్కరి బొమ్మా కాకపోవడం వల్లనే ఆ గాయం ప్రతి ఒక్కరిదీ అయింది. అందువల్ల తన బాధకు మాట దొరకని మనిషి ఎవరైనా కాగితంపై నాలుగు గీతలు గీసినప్పుడు, ఇందులో ఏముందని తీసిపారేయకుండా ఓపికగా చూడడం, అవసరమైతే అతనికి తోడుగా నిలిచి వైద్య సహాయం అందేలా చేయడం తోటివారి కనీస ధర్మం.