గృహస్థుడు ఎంత దాచుకోవచ్చు?

గోదావరి కుడి ఒడ్డున, వేదపండితుల ఊరిగా పేరుపొంది మంత్రపురి అని కూడా వ్యవహరింపబడే మంథనిలో (2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరిన ఊరిది) పాతకాలపు ఇళ్ళ వెనుక పెరడూ, వంటింట్లో పచ్చడి జాడీల వరుసా తరతరాలుగా కలిసే సాగుతూ వచ్చాయి. ఏ పూటకాపూట కోసుకునే బీర, ఆనిగెపుకాయ, పుంటికూర ఒకవైపు, ఏడాది నిలవాలని ఎండాకాలంలో పెట్టుకునే మామిడికాయ తొక్కు, ఒరుగులు, వడియాలు మరొకవైపు ఉండగా, రెండూ ఒకే ఇల్లాలి చేతి మీదుగా జరిగేవి కనుక వాటి నడుమ వైరుధ్యం ఉందని ఎవరికీ తోచదు. అయితే ధర్మశాస్త్రాల దృష్టిలో అక్కడ చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది: రేపటి కోసం అన్నం దాచుకునే అధికారం మనిషికి ఉన్నదా, ఉంటే ఎంతవరకు?

మనుస్మృతి నాలుగో అధ్యాయం బ్రాహ్మణ గృహస్థులను వారి నిల్వను బట్టి నాలుగు తరగతులుగా విభజించింది. గాదె నిండా ధాన్యం గలవాడు కుసూలధాన్యకుడు, కుండెడు ధాన్యం గలవాడు కుంభీధాన్యకుడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు త్ర్యహైహికుడు, రేపటికంటూ ఏమీ ఉంచుకోనివాడు అశ్వస్తనికుడు. వీరిలో ముందువాని కంటే వెనుకవాడే గొప్పవాడని ఆ గ్రంథం తీర్పు. కాని అదే స్మృతి మూడో అధ్యాయంలో, ప్రాణులన్నీ గాలిని ఆశ్రయించి బ్రతికినట్లు తక్కిన ఆశ్రమాలవారంతా గృహస్థుని ఆశ్రయించి బ్రతుకుతారని చెబుతుంది. బ్రహ్మచారికీ సన్న్యాసికీ పెట్టవలసినవాడు తానే ఏమీ లేకుండా కూర్చుంటే పెట్టేదెవరు? తెలుగు బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు అధ్యయనం చేసే కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తు, తన భృగువల్లిలో, అన్నాన్ని సమృద్ధిగా చేయడం వ్రతమని చెప్పి, ఆ వెంటనే ఇంటికి వచ్చినవాణ్ణి ఎవరినీ కాదనకపోవడం కూడా వ్రతమని, అందుకోసమే ఏదో ఒక విధంగా అన్నం పుష్కలంగా సంపాదించుకోవాలని విధించింది. నిల్వకు ఇంతకంటే బలమైన సమర్థన వేరే లేదు, ఎందుకంటే ఇక్కడ దాచడానికి కారణం రేపటి భయం కాదు, రేపు రాబోయే అతిథి.

ఈ సమర్థనను అంగీకరించని సంప్రదాయాలు కూడా ఈ నేల మీదే వర్ధిల్లాయి. ఇదే పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది. బౌద్ధ భిక్షువులకు ఆహారాన్ని నిల్వ చేసుకు తినడం వినయనియమాల ప్రకారం దోషం. బుద్ధుని నిర్యాణం తరువాత సుమారు నూరేళ్ళకు వైశాలిలో జరిగిన రెండో సంగీతిలో (బౌద్ధ భిక్షువుల మహాసభలో) తప్పుగా తేల్చిన పది ఆచారాలలో, కొమ్ములో ఉప్పు దాచుకోవడం ఒకటి. కరీంనగర్ దగ్గర కురిక్యాలలోని బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దినాటి జినవల్లభుని శాసనం సాక్ష్యమిచ్చే జైన సంప్రదాయమైతే, ఊరిన పదార్థంలో సూక్ష్మజీవులు పుడతాయన్న కారణంతో ఊరగాయను గృహస్థులు సైతం విడువవలసిన 22 అభక్ష్యాలలో చేర్చింది. ఉప్పు, పులుపు, నూనె, ఆవపిండి కలిసి చాలా సూక్ష్మజీవులను పెరగనీయవని నేడు తెలిసినా, జీవహింసను గురించి వారు పడిన ఆవేదనను తేలికగా తీసివేయడం న్యాయం కాదు.

వైదిక సంప్రదాయంలోనూ పచ్చడి మీద అనుమానం లేకపోలేదు. పులిసిన పదార్థాలను మనువు నిషేధించి, పెరుగును, పెరుగుతో చేసినవాటిని, మంచి పువ్వులతో వేళ్ళతో పండ్లతో తయారయ్యేవాటిని మాత్రం మినహాయించాడు. పర్యుషితం, అంటే చేసి ఒక రాత్రి గడిచిన వంటకం, నెయ్యి లేదా నూనె తగిలినదైతే ఎన్నాళ్ళున్నా తినవచ్చునని యాజ్ఞవల్క్యుడు అనుమతించాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాసినది ఈ యాజ్ఞవల్క్యస్మృతి మీదే. భగవద్గీత పదిహేడో అధ్యాయం మాత్రం మిక్కిలి పులుపు, ఉప్పు, కారం గల ఆహారాన్ని రాజసమని, రాత్రి గడిచినదాన్ని తామసమని లెక్కించింది.

ఈ సందిగ్ధాన్ని పండితుల కంటే ముందు గృహిణులే చక్కగా పరిష్కరించుకున్నట్లు కనిపిస్తుంది. దేవుని నైవేద్యానికి, పితృదేవతల తద్దినానికి జాడీలోనుంచి ఏదీ తీయరు. ఆనాడు పెరట్లో కోసిన అరటికాయ, తవ్విన కంద, చేమ, అప్పటికప్పుడు నూరిన అల్లం పచ్చడి విస్తట్లో పడతాయి. పోర్చుగీసుల రాక తరువాత, అంటే 1498 అనంతరం, అమెరికా ఖండం నుంచి వచ్చిన మిరప తద్దినపు వంటలో నేటికీ చాలా ఇళ్ళలో చేరలేదు, మిరియాలతోనే సరిపెడతారు. రేపటి చింత లేనివారికి ఏనాటిదానిని ఆనాడే సమర్పించి, చింత గల మనుషులకు నిల్వను మిగిల్చిన ఈ విభజన ఆచారంగా కనబడే తత్త్వమే. మనువు కోరిన అశ్వస్తనికత్వం ఇంటి యజమానిలో కాక, పెరట్లో నిలిచింది.

అయితే ఒక లోపాన్ని దాటవేయకూడదు. తడి చేయి తగిలితే బూజు పట్టే జాడీకి మడి, అంటే స్నానం చేసి శుద్ధవస్త్రంతో ముట్టుకునే నియమం, మేలే చేసింది గాని, అదే మడి మరికొందరిని ఆ జాడీకి, ఆ వంటింటికి, ఆ ముంగిటికి కూడా దూరంగా నిలబెట్టింది. ఎవరినీ కాదనవద్దన్న ఉపనిషత్తు మాట కులం గీసిన గీత దగ్గర ఆగిపోవడం ఆ వ్రతానికి భంగమేనని ఒప్పుకోవాలి. ఆ గీతకు ఆవల, కూలికి వెళ్ళే ఇంట్లో చింతకాయ తొక్కు ఏడాది పొడవునా గట్కకో జొన్నరొట్టెకో తోడయ్యే ఏకైక కూరగా ఉండేది. ధాన్యం ఏ రోజుకారోజు కూలిగా వస్తే, నిల్వ ఉండేది ఆ తొక్కు ఒక్కటే. ఆ ఇంటివారు ఎంచుకోకుండానే అశ్వస్తనికులయ్యారు, వారి గుమ్మం ముందు నిలిచిన ఆకలిగొన్నవానికి గట్కతోపాటు ఆ తొక్కూ దక్కేది, ఇంతటి గృహస్థధర్మాన్ని ఏ స్మృతీ లెక్కలోకి తీసుకోలేదు.