ఉచిత టికెట్టు, ఉచిత పని

నెక్కొండ నుంచి వరంగల్ పోయే బస్సులో నిలబడ్డ మగవాళ్లు అనుకునే మాటే: "ఏందన్నా, ఇప్పుడంతా ఆడోళ్ల రాజ్యమే!" 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు మరి.

కానీ అంతకంటే పాత ఉచితం ఇంట్లో ఉంది. 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 88 కూడా పనిలో చేయి పెట్టినవాళ్ల సగటే. అసలు పెట్టనివాళ్లు లెక్కలోకే రాలేదు!

మిరపకాయ ఏరే రోజుల్లో చూడండి. ఆలుమగలిద్దరూ ఒకే చేను నుంచి ఇల్లు చేరతారు. ఆయన మంచం వాల్చుకుంటాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది. ఎప్పుడో ఒకనాడు ఆయన వంటకు దిగినా, "ఉప్పు డబ్బా ఎక్కడే?" అని ఆమెనే కేకేస్తాడు. ఆమె పెళ్లయి వచ్చింది. ఆయన పుట్టి పెరిగిందే ఆ ఇంట్లో!

అన్నలారా, ఈ రాత్రి కూర మీరు వండండి. ఆమెను ఏదీ అడగకుండా.