అలవాటు ఎవరి సొత్తు?

కొత్త ఆపరేటింగ్ సిస్టంకు మారిన మనిషి పడే చిరాకును నైతిక ప్రశ్నగా చర్చించడం కొందరికి వింతగా తోచవచ్చు. దాచిన ఫైలు కనబడదు. నిన్నటిదాకా పనిచేసిన ప్రింటరు పలకదు. పదేళ్లుగా వేళ్లకు తెలిసిన మీట నొక్కితే మరేదో జరుగుతుంది. ఇవి సాంకేతికమైన చిక్కులే గాని విమర్శ వ్యాసానికి తగిన విషయాలా అని అడిగేవారుంటారు. కాని పనిచేసే మనిషికీ అతని పనిముట్టుకూ గల సంబంధం చిన్న విషయమని అభ్యుదయవాదులెవరూ అనలేరు. ఆ సంబంధంలో బాధ కలిగినప్పుడు దాని వెనుక సామాజిక కారణం వున్నదేమో చూడడం మన విధి. నేర్చిన నైపుణ్యం ఎవరిది? దానిని ఒక్క రోజులో చెల్లని కాసుగా మార్చే హక్కు ఎవరికి వున్నది? తిరిగి నేర్చుకోవడానికి పట్టే శ్రమను ఎవరు భరించాలి? ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్నలివి.

ముందుగా వాస్తవాలు చూద్దాం. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 జులై 29న విడుదల చేసిన విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగించింది. ఆ తరువాత భద్రతా లోపాలు బయటపడితే వాటిని మామూలుగా సరిచేసి పంపే పూచీ లేదన్నమాట. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు మారమన్నారు. కాని దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదవ తరానిది గాని ఆ పైది గాని కావాలి. దాంతో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు అనేకం అనర్హమైనాయి. ఆ యంత్రాలు అరిగిపోలేదు. వాటి ఆయుర్దాయాన్ని మరొకరు నిర్ణయించారు. ఇళ్లలో వాడేవారికి కొంత సొమ్ముకో, మరికొన్ని షరతులకో లోబడి ఏడాది పొడిగింపు ప్రకటించారు. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు పట్టుబట్టిన మీదట అక్కడ ఆ షరతులను సడలించారు. అనివార్యమని చెప్పినదానిలో కూడా బేరానికి చోటున్నదని ఆ సడలింపే రుజువు చేసింది.

ఈ మార్పు వల్ల కలిగే చిరాకు గురించి రెండు వాదాలు వినబడుతున్నాయి. మొదటిది మార్కెట్టు వాదం. మార్పే ప్రగతి, కొత్తదానికి సణిగేవాడు పాతకాలం మనిషి, రెండు వారాలు ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది. రెండవది మన శిబిరంలోంచే వచ్చే వాదం. గుత్త సంస్థకు బానిసలుగా ఎందుకుండాలి, లినక్సుకు మారితే సరి. అక్కడా ఇబ్బందులున్నాయని ఫిర్యాదు చేసేవారికి పట్టుదల లేదు, చైతన్యం లేదు. పైకి ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. కాని లోతుకు వెళితే రెండింటిలోనూ ఒకే దోషం వున్నది. రెండూ చిరాకును వ్యక్తి మనస్సులోని బలహీనతగా లెక్కగడుతున్నాయి. అది అతని శ్రమకు కలిగిన నష్టమన్న సంగతిని రెండూ విస్మరిస్తున్నాయి.

అలవాటంటే సోమరితనం కాదు. పోగుపడిన శ్రమే అలవాటు. టైపు చేసేవాని దృష్టి అక్షరం మీద వుంటుంది గాని మీట మీద వుండదు. వేళ్లు తమంత తాము నడిచినప్పుడే బుద్ధి పనిలో లగ్నమవుతుంది. ఆ స్థితికి చేరడానికి అతను కొన్నేళ్లు ధారపోశాడు. ఆ శ్రమకు ఎవరూ కూలి ఇవ్వలేదు. పైగా అది అతనికి తెలియకుండానే యజమాని లాభానికి తోడ్పడింది. ఒక సరుకును ఎంత ఎక్కువమంది నేర్చుకుంటే దాన్ని విడిచిపెట్టడం అంత కష్టమవుతుంది. ఆ కష్టమే దాని యజమానికి రక్షణ. మనం నేర్చుకున్నదే మన చుట్టూ కంచె అవుతుంది. ఆ కంచె లోపల నేలను ఎప్పుడు తిరగదున్నాలో మాత్రం నిర్ణయించేది మనం కాదు.

1811లో ఇంగ్లండులో అల్లిక యంత్రాలను పగలగొట్టిన లడ్డైట్లను చరిత్ర చాలాకాలం ప్రగతి విరోధులుగానే చిత్రించింది. మరుసటి ఏడు అక్కడి పార్లమెంటు యంత్రం పగలగొట్టినందుకు మరణశిక్ష విధించే చట్టం చేసింది. వారి బాధ కేవలం యంత్రం మీది ద్వేషం కాదు. ఏళ్ల తరబడి నేర్చిన పనికి విలువ పోవడం. యంత్రం వేరు, దానిపై యాజమాన్యం వేరు అన్న వివేకం అనుభవం మీదనే కార్మికులకు అలవడిందని మార్క్స్ గుర్తించాడు. నేటి కంప్యూటరు వాడకందారుకు కూడా ఆ వివేకమే అవసరం.

మన తెలుగు అచ్చు రంగంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో గౌతమి అనే యూనికోడ్ ఖతి కూడా వచ్చింది. అయినా ఆ తరువాత ఎన్నో ఏళ్లు మన డి.టి.పి. కేంద్రాలలో పేజ్‌మేకరూ, అను ఖతులే రాజ్యమేలాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఎక్స్‌పికి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. కొత్త కంప్యూటరు కొన్నవారు సైతం పాతదాన్ని మూలన పారేయక ఆ పని కోసమే అట్టిపెట్టుకున్నారు. ఇది ఛాందసమా? కాదు. ఆ ఖతులతో కూర్చిన పాఠం తెర మీద తెలుగులా కనబడుతుంది గాని, కంప్యూటరు జ్ఞాపకంలో వున్నవి ఇంగ్లీషు అక్షరాలకూ ఇతర గుర్తులకూ చెందిన సంకేతాలు. ఆ ఖతి లేనిచోట అది అర్థంలేని గుర్తుల పోగు. ఒక పుస్తకం రెండవ ముద్రణ వేయాలంటే పాత యంత్రాన్నే ఆశ్రయించాలి, లేదా పాఠాన్ని యూనికోడ్‌కు మార్చి, చెడిపోయిన ఒత్తులనూ గుణింతాలనూ కూర్చుని దిద్దుకోవాలి. పేజీల లెక్కన కూలి తీసుకునే ఆపరేటరుకు ఈ దిద్దుబాటు గంటలు ఎవరిస్తారు? అతని సణుగుడు ప్రగతి మీద కాదు, కూలి లేని పని మీద.

అదే రంగంలో మరొక ఉదాహరణ వున్నది. మన ఆపరేటర్లలో చాలామంది వేళ్లు ఆపిల్ కీబోర్డు వరుసకు అలవాటు పడినవి. ఆ వరుసను లినక్సులో వాడుకునే వీలు స్వచ్ఛందంగా పనిచేసినవారి కృషివల్ల కలిగింది. ఇది చిన్న పనిగా కనబడవచ్చు. కాని, మీరు మారండి అని ఉపన్యసించడానికీ, మీ వేళ్లు నేర్చినదాన్ని మీ వెంట తెచ్చుకోండి అని దారి వేయడానికీ మధ్య వున్న నైతిక భేదమంతా ఇందులో వున్నది.

రెండు ప్రభుత్వాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. జర్మనీలోని మ్యూనిక్ నగరసభ 2003లో తన కార్యాలయాలను లినక్సుకు మార్చాలని నిర్ణయించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వెళ్లి మేయరును కలుసుకున్నా నిర్ణయం ఆగలేదు. 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మారాయి. కాని 2017లో అదే నగరసభ తిరిగి విండోస్‌కు పోవాలని తీర్మానించింది. సిబ్బంది ఫిర్యాదులు, బయటి కార్యాలయాలతో పత్రాల మార్పిడిలో చిక్కులు అందుకు కారణాలుగా చెప్పారు. నిజమైన లోపం నగర పాలనలోని ఐ.టి. నిర్మాణంలో వున్నదని వాదించినవారూ వున్నారు. ఏమైనా, ఉద్యోగి చిరాకును సకాలంలో తీర్చకపోతే అది రాజకీయ ఆయుధమై తిరిగి వస్తుందన్నది మ్యూనిక్ నేర్పిన పాఠం.

కేరళలో 2001లో ఐటీ@స్కూల్ పథకం మొదలైంది. మొదట్లో విండోస్ వుండేది. ఒకే సంస్థ సరుకును బడిపిల్లలకు పాఠంగా చెప్పడంపై ఉపాధ్యాయుల్లోంచి అభ్యంతరం వచ్చింది. ఆ దశాబ్దంలోనే బడులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. అక్కడ శిక్షకులను ఉపాధ్యాయులలోనుంచే తయారుచేశారు. వారు తోటి ఉపాధ్యాయులకు నేర్పారు. 2017లో ఆ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది. బడి అవసరాల కోసమే ఉబుంటు ఆధారంగా ఆపరేటింగ్ సిస్టంను అదే కూర్చి ఇస్తున్నది. అక్కడి ఉపాధ్యాయులకూ మొదట్లో తడబాటు వుండే వుంటుంది. అయితే మార్పును కోరినవారూ, నేర్పినవారూ, నేర్చుకున్నవారూ ఒకే వర్గం కావడంవల్ల ఆ తడబాటు అవమానంగా మారలేదు. ప్రశ్న అడగడానికి పక్క బడిలోనే ఒక మనిషి వున్నాడు.

భద్రత పేరుతో వచ్చే ప్రతి మార్పూ మోసమేనని దీనర్థం కాదు. లోపాలు సరిచేయని పాత వ్యవస్థతో బ్యాంకు లావాదేవీలు చేయడం ప్రమాదకరమే. పాతదాన్నే పట్టుకు వేలాడమని చెప్పడం అభ్యుదయం కానేరదు. అవసరంవల్ల వచ్చే మార్పునూ, యాజమాన్యంవల్ల వచ్చే మార్పునూ వేరుచేసి చూడాలి. మొదటిదానికి కారణం చెప్పవచ్చు, చర్చించవచ్చు, గడువు బేరమాడవచ్చు. రెండవది తేదీ మాత్రమే చెబుతుంది.

ఇక మన బాధ్యత మాట. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించిన నాటినుంచి ఆ ఉద్యమం చెబుతున్న స్వేచ్ఛలు గొప్పవి: వాడుకోవడం, లోపలి నిర్మాణాన్ని చదవడం, మార్చడం, పంచడం. కాని కోడు చదవలేని గుమాస్తాకు మార్చే స్వేచ్ఛ ఇచ్చామని చెప్పి ఊరుకుంటే, భూమిలేని రైతుకు పట్టా చేతికిచ్చి నాగలీ, విత్తనమూ మరిచిపోయినట్లే. హక్కు కాగితం మీద వుంటుంది. పొలం బీడుగానే వుంటుంది. చివరికి ఆ పట్టా ఎవరి చేతికి పోతుందో మన పల్లెలకు తెలియనిది కాదు.

కనుక ఒకరిని మారమని అడిగేవారు ఆ మార్పు శ్రమలో పాలు పంచుకోవాలి. కళాశాలలో కొత్త వ్యవస్థ పెట్టదలచినప్పుడు, ముందుగా దానిపై పనిచేసే గుమాస్తానూ, ల్యాబ్ అసిస్టెంటునూ సంప్రదించాలి. నేర్చుకునే గంటలను పనిగంటలుగా లెక్కించమని అధ్యాపక, ఉద్యోగ సంఘాలు కోరాలి. విద్యార్థి సంఘాలు లినక్సు ఇన్‌స్టాల్ చేసి సెలవు తీసుకోకుండా, ప్రింటరు పలికేదాకా, పాత ఫైళ్లు తెరుచుకునేదాకా ఆ బల్ల దగ్గరే వుండాలి. నేర్చిన విద్య శ్రమించినవాని సొత్తు. దాన్ని యజమాని ఒక తేదీతో కొట్టివేయడం ఎంత అన్యాయమో, ఆశయం పేరుతో మనం లెక్కచేయకపోవడమూ అంతే అన్యాయం.