వేట ఆపే శీలం ఎవరిది?



పంచశీలాల మీద మాట్లాడుకున్నప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. "ప్రాణం తీయొద్దు అంటున్నరు కదా, మరి చేపలు పట్టి బతికేటోడు బౌద్ధుడు కాలేడా?" ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాల్లో మాంసం అమ్మడం కూడా ఉందని ఇంకొకరు గుర్తు చేస్తారు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు పక్కన బతికే మనకు ఇది దూరపు ప్రశ్న కాదు.

జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుదాం. తోలు పని చేసినందుకు, చచ్చిన గొడ్డును మోసినందుకు మన తాతలను ఊరి బయట ఉంచారు. పనిని చూపి మనిషిని కొలిచిన తూకం అది. ఆ తూకాన్ని పారేసి మనం ధమ్మంలోకి వచ్చినం. ఇప్పుడు అదే తూకాన్ని బెస్తవాళ్ళ మీదికో, తీరంలోని జాలరి మీదికో ఎత్తితే, మారింది మన పేరే గాని మనసు కాదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ చిక్కును విప్పారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అన్నారు. అహింసను ఆయన సూత్రంగా చూశారు, గుడ్డిగా పాటించే నియమంగా కాదు. సూత్రం మనిషికి ఆలోచించే స్వేచ్ఛ ఇస్తుంది. స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా వస్తుంది. అవసరం ఎక్కడ ఆగుతుంది, ఆశ ఎక్కడ మొదలవుతుంది? అది మనమే తేల్చుకోవాలి.

తేల్చుకోవాలంటే ముందు తెలియాలి. సముద్రమే లేని మన తెలంగాణలో, హైదరాబాద్ ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. సముద్రపు నీటి వేడిని, రంగును ఉపగ్రహాలు కొలుస్తాయి. కంటికి కనిపించనంత సన్నని నాచు బాగా పెరిగిన చోట నీటి రంగు మారుతుంది. ఆ నాచును తినడానికి సన్నజీవులు, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెంట పెద్ద చేపలు చేరతాయి. ఆ చోటు ఎక్కడుందో లెక్కగట్టి మత్స్యకారులకు కబురు పంపుతారు. డీజిల్ కాల్చుకుంటూ వెతికే తిప్పలు తగ్గుతాయి. మంచి పనే.

కానీ ఆ కబురు చిన్న పడవకూ అందుతుంది, పెద్ద మరబోటుకూ అందుతుంది. చేప ఎక్కడుందో ప్రజ్ఞ చెబుతుంది. ఎంత పట్టాలో చెప్పాల్సింది శీలం. శీలం లేని ప్రజ్ఞ ప్రమాదమని బాబాసాహెబ్ చేసిన హెచ్చరికను ఇక్కడ గుర్తుంచుకోవాలి.

కెనడాలో ఏమైందో చూడండి. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ అనే చేప వందల ఏండ్లు ఊళ్ళకు ఊళ్ళను సాకింది. పెద్ద ట్రాలర్లు వచ్చి సముద్రాన్ని ఊడ్చినయి. చేప తగ్గుతోందని ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు 1980లలోనే మొత్తుకున్నారు. అధికారుల లెక్కల్లో మాత్రం చేప ఎక్కువే ఉంది. చివరికి 1992 జులై 2న ప్రభుత్వం వేట ఆపేసింది. దాదాపు 30 వేల మందికి పని పోయింది. ఆ నిషేధం 2024 దాకా సాగింది. ఆశపడింది పెద్దోళ్ళు, అన్నం పోయింది చిన్నోళ్ళకు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. 2015కు ముందు అది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటికి ఇచ్చే గడువు ఇది. ఆంధ్రప్రదేశ్‌లో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళు సంప్రదాయ పడవలకే అన్న నియమం కూడా ఉంది. అయినా 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యనే గొడవ జరిగి పడవలు తగలబడినయి. సముద్రంలో చేప తరిగితే పేదోడికి పేదోడే శత్రువుగా కనిపిస్తాడు.

రెండో శీలం ఏం చెబుతుంది? ఇవ్వనిది తీసుకోవద్దని. ఒక్కసారైనా గుడ్లు పెట్టని చేపపిల్లను సన్నకన్ను వలతో లాగేస్తే, అది రేపటి పిల్లల వాటా. ఆ వాటాను మనకు ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి వేట ఆపడం శీలమే. అయితే ఆ 61 రోజులు పస్తు ఎవరిది? నిషేధ కాలపు సాయాన్ని ఆంధ్ర ప్రభుత్వం 2019లో 10 వేలకు, 2025లో 20 వేలకు పెంచింది. అది పడవెక్కి వేటకు పోయేవాళ్ళ లెక్క. చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళకు కూడా ఆ రోజుల్లో పని ఉండదు, కానీ ఆ లెక్కలో వాళ్ళు లేరు. అందరి మేలు కోసం కొందరినే ఆకలితో ఉంచితే అందులో కరుణ ఎక్కడుంది?

"మనకు సముద్రం లేదు కదా" అనకండి. హైదరాబాద్ మార్కెట్ నుంచి మన దాకా వచ్చే వంజరం, చందువ ఆ సముద్రానివే. వలలో పడ్డ చిన్నాచితకా చేపలు పొడి అయ్యి రొయ్యల మేతలోకి, కోళ్ళ దాణాలోకి పోతాయి. అంటే తినే మనం కూడా ఆ వలకు ఒక కొస పట్టుకున్నట్టే.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగి, ఊరి నీళ్ళు అందరివీ అని చాటారు. అందరివి అన్నామంటే, కాపాడే పని కూడా అందరిదే. మన చెరువులో వదిలిన రవ్వ, బొచ్చె పిల్లలు ఎదగకముందే అమ్మకానికి వస్తే కొనకండి. వేట ఆపిన కాలంలో చెరువు మీద బతికే ఇండ్లకు కూలీ, సాయం దొరికేలా గ్రామసభలో అడగండి. చేప పట్టేటోడు పాపా అని అడగడం మానేద్దాం. వాడు వేట ఆపిన రోజు వాడి పొయ్యి వెలిగిందా అని అడుగుదాం.

నమో బుద్ధాయ! జై భీమ్!