గుప్పెడు గింజల లెక్క



గుడి గంటగోపురంలోనో, బడి వరండా దూలాల మీదనో పావురాలు కాపురం పెట్టడం మనకు కొత్త కాదు. వాటిని ఏం చేయాలన్న మాట విచారణ పెద్దల సమావేశంలో వచ్చిందంటే సభ రెండుగా చీలుతుంది. "మందు పెట్టి వదిలించుకుందాం" అంటారు కొందరు. "పాపం, నోరులేని జీవాలు, రోజూ నాలుగు గింజలు వేద్దాం" అంటారు మరికొందరు. మొదటివారిది క్రూరత్వం, రెండవవారిది దయ అని మనం వెంటనే తీర్పు చెప్పేస్తాం. అది అంత సులువైన తీర్పేనా?

స్విట్జర్లాండులోని బాసెల్ నగరం సంగతి చూడండి. 1961 నుండి 1985 వరకు అక్కడ తుపాకులతో, ఉచ్చులతో సుమారు 1,00,000 పావురాలను చంపారు. అయినా ఊరిలో అవి ఎప్పటిలాగే 20,000 దాకా ఉన్నాయి! తిండి దొరికినంతకాలం చచ్చినవాటి చోటును కొత్త పిల్లలు నింపుతూనే ఉంటాయి మరి. 1988లో వారు దారి మార్చారు. గింజలు చల్లడం పావురాలకే కీడని కరపత్రాలతో, గోడపత్రికలతో జనానికి నచ్చజెప్పారు. కొన్ని గూళ్లు ఏర్పాటుచేసి, వాటిలో పెట్టిన గుడ్లను తీసివేస్తూ వచ్చారు. నాలుగేళ్లకు పైగా ఓపిక పడితే సంఖ్య సగానికి తగ్గింది.

గింజలు వేస్తే కీడేమిటని అడుగుతారేమో. తిండికి వెతుకులాట లేని జంట ఏడాదికి పలుమార్లు, విడతకు రెండేసి గుడ్లు పెడుతుంది. చోటు చాలక, రెట్టల నడుమ, పురుగులతో, రోగాలతో ఎన్నో పిల్లలు గూళ్లలోనే చస్తాయి. మనకు కనబడేది ముంగిట గింజలేరుకునే అందమైన గుంపు మాత్రమే. ఎండిన రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు చేటని వైద్యులు చెబుతారు. దానిని ఊడ్చేది గింజలు చల్లినవారా? కాదు, నెలకింత అని పనిచేసే ఆయమ్మ. ఒకరి పుణ్యానికి వెల మరొకరు చెల్లిస్తుంటే దానిని దయ అనవచ్చునా? నాకైతే సందేహమే.

అలాగని మందు పెట్టేవారి వాదం నెగ్గినట్టు కాదు. ఈ పావురాలు మన మీదికి దండెత్తి రాలేదు. కొండచరియల్లో గూడుకట్టే జాతిని మనిషే వేల ఏళ్ల క్రితం మాంసానికి, జాబులు మోయడానికి మచ్చిక చేశాడు. ఇవి ఆ పెంపుడు పావురాల సంతతి. మన గోపురాలు వాటికి కొండచరియలే. పెంచి వదిలేసిన జాతికి విషం పెట్టడం ఏం న్యాయం? జిగురు పూయడమూ అంతే. రెక్కలంటుకుని గిలగిల కొట్టుకుని చస్తాయి, పాపం పిచ్చుకలు కూడా చిక్కుతాయి. జంతువులను అనవసరంగా బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికి తగదని శ్రీసభ సత్యోపదేశం (2418) చెబుతుంది. మనుషుల కష్టం తీర్చవలసిన సొమ్మును జంతువులపై వెచ్చించడమూ తగదని అక్కడే ఉంది. ఈ రెండవ మాట మనం తరచు మరచిపోతాం. పెద్ద ఖర్చుకు పోనక్కరలేదు. గింజలు మానడానికి కానీ ఖర్చు లేదు. కిటికీ అంచుల మీద ఏటవాలుగా ఒక పలక బిగిస్తే పావురం నిలవలేదు. గోపురానికి మాత్రం వల కావాలి.

పండుగకు రంగులు వేయించే తొందరలో ఒక్క పూటలో వల బిగించేస్తారు. అక్కడే ఘోరం జరుగుతుంది. తల్లి బయట వలకేసి కొట్టుకుంటుంది, లోపల పిల్లలు ఆకలితో మాడిపోతాయి. గుడ్డు పొదగడానికి సుమారు 18 రోజులు, పిల్ల ఎగరడానికి మరో నెల పడుతుంది. కనుక ముందు నిచ్చెన వేసుకుని గూళ్లు చూడండి. పిల్లలుంటే ఎగిరిపోయేదాకా ఆగండి. వల బిగుతుగా ఉండాలి. వదులైతే తలదూర్చి ఉరిపడి చస్తాయి. బిగించిన తరువాత వారానికొకసారి ఎవరు పైకెక్కి చూస్తారో, ఆ పేరు కూడా అదే సమావేశంలో రాసుకోండి.